ఖాతర్ లేని పెరడు

సూరత్‌లో రెండో విడత కరోనా వచ్చినప్పుడు మా ఆయన ఆస్పత్రి నుంచి బతికి వచ్చాడు. వచ్చాడన్న మాటే గాని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్లీ ఇటు తిరగలేదు. నవాగామ్‌లో మా అద్దెగదికి కిటికీ కూడా లేదు. డాక్టరు మాత్రం ఒకటే మాట చెప్పి పంపాడు: రోజూ బయట గాలిలో కూర్చోబెట్టు, నాలుగడుగులు వేయించు, ఇలాగే పడుకుంటే మనిషి దక్కడు.

బయట అంటే ఎక్కడ? ముందు తలుపు తీస్తే సందు. సందులో మమ్మల్ని చూడగానే జనం మూతికి గుడ్డలు లాక్కునేవాళ్లు. వెనక తలుపు తీస్తే పెరడు. పెరడని పేరే. ఇంటి ఓనరు గుజరాతీ ముసలావిడ, అందరం బా అని పిలిచేవాళ్లం, పై అంతస్తులో ఒంటరిగా ఉండేది. భర్త పోయాక ఆమె ఆ జాగా వైపు చూసినట్టు లేదు. విరిగిన కండెలు, చిక్కుపడ్డ నూలు, కుళ్లిన గుడ్డపేలికలు, నడుమెత్తు గడ్డి. ఆ కంపులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఊపిరాడదు.

"జరంత బయట కూసుందువు రా" అంటే, "ఏమున్నదే ఆడ? నన్ను ఇడిసిపెట్టు" అనేవాడు.

ఒళ్లు మండిపోయేది నాకు. విడిచిపెట్టడానికేనా ఆస్పత్రి గేటు ముందు తిండీ నిద్రా మాని కూర్చున్నది? ఏమీ లేకపోతే ఏదో ఒకటి ఉండేలా చేస్తానని కొంగు బిగించాను.

కొనే స్థితి లేదు. మా ఆయన నడిపే సాంచాలు, అదే మరమగ్గాలు, మూతపడ్డాయి, ఉన్న కాస్తా మందులకే పోతోంది. కూరగాయల కత్తితోనే గడ్డి కోశాను. చెత్తంతా పాత చీరల్లో మూటలు కట్టి మోశాను. చేతులు బొబ్బలెక్కాయి. రంగు డబ్బాలకు అడుగున మేకుతో తూట్లు పొడిచి కుండీలు చేశాను. పడేసిన నూలును ఉతికి, పేని, తీగ పాకడానికి పందిరి అల్లాను. అల్లడం వచ్చు గాని నాకు సాగు తెలియదు, మాది మగ్గం ఇల్లు. డబ్బాల్లో వంటింటి మెంతులు, ధనియాలు చల్లాను. గోంగూరను మా దిక్కు పుంటికూర అంటారు, ఊరి నుంచి ఎప్పుడో తెచ్చుకున్న ఆ గింజలను తలుపుకు ఎదురుగా ఒక మడి చేసి వేశాను. మొలకలు రాగానే మంచం దగ్గరికి పరుగెత్తుకెళ్లి చెప్పాను. "మంచిదే" అని కళ్లు మూసుకున్నాడు.

కొన్నాళ్లకే ఆకులు పసుపుబారాయి. ఈ మొక్కలు చస్తే ఈ మనిషీ పోతాడని ఒక పిచ్చి భయం పట్టుకుంది. నీళ్లు ఎక్కువయ్యాయని మానేశాను, తక్కువయ్యాయని మళ్లీ పోశాను. అప్పుడే బా పైనుంచి తొంగిచూసి చెయ్యి ఊపుతూ అరిచింది: "ఖాతర్ నథీ! ఖాతర్ నథీ!"

నథీ అంటే లేదని బజారులో నేర్చుకున్నాను. ఇక ఖాతర్ ఒకరు నేర్పాలా? మాట లెక్కచేయని వాణ్ని మా ఊళ్లో ఖాతర్ చేస్తలేడనే అంటాం. అంటే నాకు లెక్కలేదట! ఆమె చెత్త ఎత్తి పోసినందుకు నాకు మర్యాద లేదట!

"నీకే లేదు పో ఖాతర్!" అని తెలుగులోనే అరిచి తలుపు వేసుకున్నాను.

మర్నాడు పొద్దున ముందు తలుపు తీస్తే గడప పక్కనే గంపెడు పేడ. ఒక్క మాట లేకుండా కుమ్మరించి పోయారు. రోగం ఇల్లని జనం మమ్మల్ని వెలేసింది చాలక ఇప్పుడు పేడ కూడానా? పాత డబ్బాతో ఎత్తి ఎత్తి సందులోని మురికినీళ్ల మోరీలో పోశాను. ఏడుస్తూ పోశాను, అందరినీ తిడుతూ పోశాను.

లోపలికి వచ్చేసరికి మా ఆయన ఇటు తిరిగి ఉన్నాడు.

"ఏందే గా లొల్లి? ఏమన్నది బా?"

చెప్పాను. ఖాతర్ దగ్గరికి రాగానే ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. వీపు రాస్తూ దేవుళ్లందరినీ పిలిచాను.

"ఖాతర్ అంటే గుజరాతీల ఎరువే, పిచ్చిదానా" అన్నాడు ఊపిరి అందాక. "మట్టిల ఎరువు లేదన్నది. నువ్వు అడగకముందే తెచ్చి పోసింది."

నేను నేల మీద కూలబడ్డాను. ఆయనను లేపడానికి నాకు మిగిలిన దారి ఆ పెరడొక్కటే. దాన్ని బతికించే ఎరువును చేజేతులా మోరీలో కలిపేశాను. ఇప్పుడు ఆ ముసలావిడకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

"ఏడ్వకు. నేను చెప్త ఆగు" అని మా ఆయన కాళ్లు కిందపెట్టాడు.

వద్దనబోయి నోరు మూసుకున్నాను. గోడ పట్టుకున్నాడు. తలుపు పట్టుకున్నాడు. గడప దాటాడు. తల పైకెత్తి "బా!" అని పిలిచాడు గాని గొంతు పైదాకా వెళ్లలేదు. ఇంకో రెండడుగులు వేసి మళ్లీ పిలవబోతుంటే మోకాళ్లు వంగిపోయి, పుంటికూర మడిలోనే చతికిలబడ్డాడు. బతికి ఉన్న ఆ నాలుగు మొక్కలూ ఆయన కింద నలిగిపోయాయి.

"లేపే నన్ను" అన్నాడు రొప్పుతూ. "నీ చెట్లు ఖరాబైతున్నయ్."

"కానియ్" అన్నాను. "జరసేపు గట్లనే కూసో."