పచ్చిపులుసు మంత్రం

రెండువేల పదో సంవత్సరం. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక గల్లీల నా మెస్సు నడుస్తుండె. కింద వంట, వడ్డన. పైన రెండు రూములు కిరాయికి. జనగామ దిక్కు నుంచి, నల్లగొండ దిక్కు నుంచి వచ్చి కంపెనీలల్ల పనిజేసే పిలగాండ్లు మా దగ్గర తినేటోళ్లు. నేను సదివింది తక్కువ. కానీ ఎవరికి కారం పడదు, ఎవరు పెరుగు ముట్టరు, ఎవరు మనసు బాగలేకుంటే అన్నం కెలుకుకుంట కూసుంటరు అన్నది ఇప్పటికీ యాదికున్నది.

మెస్సు పని ఎట్లుంటదో జర చెప్త. అందరు ఒక్కసారి రారు. షిఫ్టును బట్టి బ్యాచులుగ వస్తరు. అన్నం, పప్పు అన్‌లిమిటెడ్, అంటే అడిగినంత. కూర లిమిటెడ్, మనిషికి ఒక్క గంటె. ఈ కట్టుబాటు లేకుంటే మొదటి బ్యాచే కూర గిన్నె ఊడుస్తది. ఆఖరుకు వచ్చినోడు కూర లేని పళ్లెం పట్టుకొని నా మొఖం సూస్తడు. అయినా కూర అయిపోయిన నాడు అప్పటికప్పుడు ఇంత పచ్చిపులుసు కలిపి పోసేదాన్ని. ఇగ ఈ కట్టుబాటు ఒక ఆటల పనికొస్తదని నేను కలల గూడ అనుకోలే.

పై రూములల్ల ఒకదాంట్ల యాదగిరి, మహేందర్ ఉండేటోళ్లు. ఇద్దరిది ఒక్కటే ఊరు, ఒక్కటే బడి. యాదగిరి లేత్ మిషన్ మీద ఇనుము కోసే పని జేసేటోడు. మహేందర్ ఇంకో కంపెనీల కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసేటోడు. ఒకడు రాకుంటే ఇంకొకడు పళ్లెం ముందల పెట్టుకొని తినకుంట ఆగేటోడు.

ఆట మహేందర్ సొంతంగ అల్లింది. బయటి దేశాలల్ల గిసొంటి ఆటలు ఆడుతరని నెట్ సెంటర్ల సూసిండట. ఆ పుస్తకాలు ఈడ దొరకక తనే తయారుజేసుకున్నడు. దానికి బోర్డు లేదు, పేక పత్తాలు లేవు. మహేందర్ కథ చెప్తడు. "కోట ముందల నిలబడ్డరు, తలుపు మూసి ఉన్నది, ఏం జేస్తరు?" అంటడు. ఆడేటోళ్లు ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టినట్టు జవాబు చెప్తరు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది హౌసీ బిళ్లలు తేలుస్తయి. నా స్టీలు చెంబుల ఒకటి నుంచి ఇరవై దాక బిళ్లలేసి ఒకటి తీస్తరు. పెద్ద నంబరొస్తే గెలుపు. గెలుసుకుంట పోతే లెవెల్ పెరుగుతది. లెవెల్ అంటే మెట్టు అన్నట్టు, మెట్టు ఎక్కినకొద్ది బలం పెరుగుతది.

యాదగిరి కత్తివీరుడు. ఉప్పల్‌ల కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంట ఆదివారాలు ఆటకు వచ్చే కిరణ్ అనేటాయన మంత్రగాడు. ఆదివారం పగటాల గిన్నెలు కడిగినంక నేను ఎల్లిపాయలు ఒలుసుకుంట ఇనేదాన్ని. మా నాయనమ్మ చెప్పిన కథలకంటే తక్కువేం లేకుండె.

మొదట్ల మంచిగనే నడిచింది. నాలుగైదు మెట్లెక్కేసరికి తేడా వచ్చింది. మంత్రగానికి మెట్టుకొక కొత్త మంత్రం పెట్టిండు మహేందర్. పాతయి గూడ అప్పటికంటే రెండింతలు గట్టివడేటియి. ఎన్నిసార్లయినా ఇసరొచ్చు. కత్తివీరునికేమో తీసిన బిళ్ల మీద మెట్టుకు ఒక్క నంబరు కలుస్తది, గంతే. కిరణ్ అగ్గివాన మంత్రం ఇసిరితే కోట మొత్తం ఖాళీ. యాదగిరి వంతు వచ్చేసరికి బూడిద తప్ప ఏం మిగలదు.

ఒక ఆదివారం యాదగిరి బిళ్ల చెంబుల నుంచి తియ్యకుంటనే చెయ్యి ఎనుకకు తీసుకున్నడు.

"ఎవని మీద తియ్యాలెరా? ఒక్కడన్న బతికి ఉన్నడా?"

మహేందర్ నవ్విండు. "నువ్వు గూడ మంత్రగాన్నే తీసుకోకపోతివి? ఎవడు వద్దన్నడు?"

"వారమంత మిషన్ ముందల నిలబడి వస్త. ఈడ గూడ నిలబడి సూసుడేనా? నీ ఆటల నేనెందుకు? చప్పట్లు కొట్టెతందుకా?"

"ఆట రాకుంటే ఆట మీద ఏడుస్తవేందిరా?"

ఆ మాటతోని యాదగిరి లేసి పోయిండు. మళ్ల ఇద్దరి నడుమ మాటల్లేవు. ఒక్కటే రూముల పండుకుంటరు, ఒకడు గోడ దిక్కు, ఒకడు తలుపు దిక్కు. యాదగిరి మొదటి బ్యాచుల తిని పోతుండె. మహేందర్ ఆఖరుకు వస్తుండె. నాకు పానం ఒప్పలే. కొన్నిదినాలకు యాదగిరి నెమ్మదిగ చెప్పిండు: "అక్కా, అన్నోజిగూడల రూము సూసిన. నెల మొదట్ల పోత."

"డ్యూటీ ఈడ, రూము ఆడనా? బస్సుల్నే బతుకుతవా?"

"ఏం జేస్తం అక్కా, ఈడ ఊపిరాడుతలేదు."

ఆట కోసం ఊరి దోస్తును ఇడిసిపెట్టి పోతడా అని నవ్వొచ్చింది, ఎంబడే భయం గూడ అయింది. ఆట ఉత్త సాకు. తన దోస్తు కట్టిన కథల తనకు జాగ లేదన్నదే వాని బాధ.

ఆ రాత్రి అన్నం పెట్టుకుంట మహేందర్‌ను అడిగిన. "నా మెస్సుల కూర అన్‌లిమిటెడ్ చేస్తే ఏమైతది బిడ్డ?"

"ఆఖరి బ్యాచ్‌కు కూర దొరకదు."

"మరి నీ ఆటల మంత్రం అన్‌లిమిటెడ్ ఎందుకు పెట్టినవ్?"

వాడు చేతిల ముద్ద పళ్లెంల ఇడిసిపెట్టిండు. "మంత్రాలు అల్లుడు మస్తు మజా అనిపిస్తది అక్కా. కత్తికి ఏం అల్లాల్నో తెల్వలే" అన్నడు. గా మాటల అబద్ధం లేదు.

అప్పుడు తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. ఒక బందు నాడు కంపెనీలు, బస్సులు అన్ని మూసిన్రు. కిరణ్ ఉప్పల్ నుంచి నడుసుకుంట వచ్చిండు. నేను యాదగిరి రూముకు పోయి, "పోయేటోనివి పో అయ్యా, నేనేం ఆపుతలేను. ఒక్క ఆట ఆడి పో. చెంబు నాది, పిలుస్తున్నది నేను" అన్న. మొఖం గంటు పెట్టుకొనే దిగి వచ్చిండు.

మహేందర్ కొత్త కట్టుబాటు చెప్పిండు. మంత్రాలు కథల ఒక పగటికి ఇన్నే, మంత్రగాడు రాత్రి నిద్రపోయి లేస్తెనే మళ్ల వస్తయి. కిరణ్‌కు అలవాటు పోలే. కోట మొదటి తలుపు కాడనే ఉన్నయన్ని ఇసిరిండు. తరువాత యాదగిరి తలుపుకొక దెబ్బ కొట్టుకుంట లోపలికి పోతుండు, కిరణ్ చేతులు కట్టుకొని కూసున్నడు. వాని వంతు వస్తే "ఏం లేదు" అంటడు. మళ్ల వస్తే మళ్ల "ఏం లేదు".

"ఇప్పుడు నేను చప్పట్లు కొట్టాల్నా బై?" అన్నడు కిరణ్.

ఒకని పస్తు ఇంకొకనికి మార్చినమా అనుకున్న. యాదగిరి ఎక్కిరిస్తడని సూసిన. వాడు కిరణ్ కట్టుకున్న చేతుల దిక్కు సూసిండు. తలకాయ తిప్పి మహేందర్‌తోని అన్నడు, అన్ని దినాలకు అదే మొదటి మాట:

"అట్ల గాదురా. వట్టి పళ్లెం ముందల మనిషిని కూసోబెట్టొద్దు. వానికి చిన్నదన్న ఒకటి ఎప్పటికీ ఉండాలె. అక్క కూర అయిపోతే పచ్చిపులుసు పోస్తది సూడు, గట్ల."

మహేందర్ కండ్లు మెరిసినయి. "నిప్పురవ్వ! ఎన్నిసార్లయినా ఇసరొచ్చు. కత్తి దెబ్బకంటే చిన్నది."

"చిన్నదే గదా అని దానికి గూడ మెట్టు మెట్టుకు రెండింతలు పెట్టకు మళ్ల!"

కిరణ్ పకపక నవ్విండు. ఇగ ముగ్గురు నెత్తులు కలిపి కూసున్నరు. మంత్రగానికి పెద్ద మంత్రం వచ్చే మెట్టు మీదనే కత్తివీరునికి వంతుకు రెండో దెబ్బ గూడ కొట్టే వీలిచ్చిన్రు. అగ్గివాన పగటికి ఒక్కటే అన్నరు. యాదగిరి చెప్తుంటే మహేందర్ కొట్టేసి మళ్ల రాస్తుండు. "నీ మిషన్ల పదును ఎట్ల పెరుగుతదిరా?" అని అడుగుతుండు. కత్తికి ఏం అల్లాల్నో పక్క మంచం మీద పండేటోన్ని అడిగితే అయిపోయే ముచ్చట!

కోటను మళ్ల మొదటి తలుపు కాడి నుంచి మొదలువెట్టి, పొద్దుగూకే యాల్లకు ఆఖరి అర్రల పడ్డరు. ఆ చీకట్ల రాక్షసుడు దాసుకొని ఉన్నడు. కిరణ్ దగ్గర అగ్గివాన ఒక్కటి మిగిలి ఉన్నది. ఇసిరితే ఆట ఆడికే అయిపోతది. నేను ఎల్లిపాయ ఇడిసిపెట్టి సూస్తున్న. కిరణ్ అన్నడు, "నిప్పురవ్వ పైకి ఇసురుత. ఎలుగుల మావోనికి దుష్మన్ కనవడాలె."

యాదగిరి చెంబుల చెయ్యి పెట్టిండు. మొదటి దెబ్బ బిళ్ల చిన్నది వచ్చింది. రెండో దెబ్బ ఉన్నది గదా, మళ్ల పెట్టిండు. పంతొమ్మిది! మహేందరే అందరికంటే గట్టిగ అరిసిండు. ఓడింది వాని రాక్షసుడే, అయినా వానికే సంబురం ఎక్కువ.

తెల్లారి పొద్దుగాల ఇద్దరు ఒక్కటే బ్యాచుల దిగిన్రు. రెండో దెబ్బకు బిళ్ల మళ్ల చెంబుల ఎయ్యాల్నా వద్దా అని కొట్లాడుకుంట వచ్చిన్రు. నాకు ఆ కొట్లాట చెవులకు సల్లగ తాకింది.

"అన్నోజిగూడ రూము ఏమైంది?" అన్న.

"ఆడ పచ్చిపులుసు దొరకదట అక్కా" అన్నడు యాదగిరి, పళ్లెం మహేందర్ పక్కకు జరుపుకుంట.

కూర కొలిచి పెడితే మెస్సు నడుస్తదని నాకు ముందే తెలుసు. కొలత ఒక్కటే సాలదని ఆ ఆట నేర్పింది. షిఫ్టు ఇడిసి ఎవరు ఎంత ఆలస్యంగ వచ్చినా, వాళ్ల వంతు వచ్చేసరికి గిన్నెల ఏదో ఒకటి ఉండాలె. అప్పటి నుంచి నేను కూర పొయ్యి మీద పెట్టకముందే చింతపండు నానేస్త.