రీస్టార్ట్ చేయనివ్వని సలోమి

కొవిడ్ సద్దుమణిగి ఉద్యోగులను మళ్ళీ ఆఫీసులకు రప్పించిన ఏడాది, వేసవి చివర్లో, నన్ను మాదాపూర్ ఆఫీసుకు డెస్క్‌టాప్ సపోర్టు మేనేజరుగా మార్చారు. రిటైరయ్యే ముందు నేను చేసిన ఆఖరి పోస్టింగు అదే. విదేశీ ఆసుపత్రులకు డిశ్చార్జి సమ్మరీలు తయారుచేసి పంపే కంపెనీ మాది. అక్కడి డాక్టరు మాటలు రికార్డయి ఇక్కడికి వస్తాయి. మా ఉద్యోగులు వాటిని విని, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ముందే సిద్ధంగా ఉన్న నమూనా పత్రంలో వివరాలు నింపుతారు. పూర్తయిన పత్రం నేరుగా, తప్పొప్పులు సరిచూసే ఆడిటరుకు వెళ్ళిపోతుంది, నింపినవాళ్ళకు మళ్ళీ కనబడదు.

డెస్క్‌టాప్ సపోర్టు అంటే బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. మా బంధువులైతే పెళ్ళిళ్ళలో నన్ను పక్కకు పిలిచి పాడైపోయిన ఫోన్లు చేతిలో పెట్టేవారు. నిజానికి మా పనిలో అంచెలుంటాయి. ఉద్యోగి పెట్టే ఫిర్యాదును టికెట్ అంటాం. మొదటి అంచెవాళ్ళు ఫోన్లోనో, సీటు దగ్గరికి వెళ్ళో పైపై వైద్యం చేస్తారు. వాళ్ళకు లొంగనిది రెండో అంచెకు, అంటే ఎల్‌టూకు వస్తుంది. అక్కడా తేలకపోతే సాఫ్ట్‌వేర్‌ను కూర్చి పంపే మూడో అంచెకు పోతుంది. మొదటి అంచెలో అందరికీ నాలుక మీద ఉండే మంత్రం ఒకటే: రీస్టార్ట్ చేశారా? చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. అదే చిక్కు.

ఆ వేసవిలో రెండు మార్పులు ఒకేసారి వచ్చి పడ్డాయి. పాత లాప్‌టాప్‌లు తీసేసి పల్చటి కొత్తవి ఇచ్చారు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చింది. కొత్త లాప్‌టాప్‌ల తెరలు హై రిజల్యూషన్‌వి. చిన్న తెరలో లెక్కలేనన్ని చుక్కలు కుక్కి ఉంటాయి. అక్షరాలను అలాగే చూపిస్తే చీమల బారులా ఉంటాయి కాబట్టి సిస్టమ్ వాటిని పెద్దవి చేసి చూపిస్తుంది. దాన్ని స్కేలింగ్ అంటారు. బల్లల మీది పెద్ద మానిటర్లు పాతరకం, వాటికి ఈ పెంపు అక్కర్లేదు. విండో ఒక తెర నుంచి ఇంకో తెరకు మారినప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా తన కొలత మార్చుకోవాలి. మంచి సాఫ్ట్‌వేర్ మార్చుకుంటుంది. కొన్ని మొండికేస్తాయి.

మధ్యాహ్నం షిఫ్టులో స్రవంతి అనే అమ్మాయి ఉండేది. సిద్దిపేట వైపు పిల్ల, నిజాంపేట హాస్టల్లో ఉండేది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆమె నింపిన పత్రాల్లో మచ్చుకు కొన్ని తీసి చూసి ఆడిటరు నాలుగు తప్పులు పట్టాడు, నాలుగూ ఒకేరకం. కుడి మోకాలు అనాల్సినచోట ఎడమ, ఎడమ చెవి అనాల్సినచోట కుడి. వైద్యపత్రంలో ఇది చిన్న విషయం కాదు. ప్రొబేషన్‌లో ఇలాంటి తప్పు ఒకటైతే హెచ్చరించి వదిలేస్తారు. అంతకు మించితే ఉద్యోగం ఖాయం చేయరు, ఇంటికి పంపేస్తారు. శుక్రవారం నాడు ఆమె సంగతి తేల్చేస్తానని ఆపరేషన్స్ మేనేజరు వెంకట్‌రెడ్డి చెప్పేశాడు. కఠినుడే గానీ అన్యాయస్థుడు కాడు.

సోమవారం స్రవంతి నా గదికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు నిలకడగానే ఉంది. "నేను కుడి అనే నొక్కుతున్న సార్. పత్రంల ఎడమ అని పోతుంది. మూడుసార్లు టికెట్ పెట్టిన, వచ్చి రీస్టార్ట్ చేసి, మంచిగనే ఉంది కదా అని పోతున్నరు. నా మాట ఎవ్వరూ నమ్ముతలేరు" అంది. టికెట్లు తీసి చూశాను. మూడింటిలోనూ ఒకే వాక్యం రాసి మూసేశారు: రీస్టార్ట్ తర్వాత సరిగా ఉంది.

ఆ ఫిర్యాదును సలోమికి అప్పగించాను. సలోమి మా ఎల్‌టూ ఇంజినీరు. తెనాలి దగ్గరిది, కూకట్‌పల్లిలో కాపురం. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఆమె సీటులో నుంచి లేచి నడుస్తుంటే లంచ్‌కు వెళ్తోందా, మంటలార్పడానికి వెళ్తోందా అని చెప్పడం కష్టం. మా కుర్రాళ్ళు ఏడిపించేవారు కూడా. టికెట్ చూడగానే ఆమె అన్న మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆ లాప్‌టాప్ జోలికి ఎవరూ వెళ్ళొద్దని చెప్పండి సార్. రీస్టార్ట్ చేసేస్తే ఇంక నేను చూడ్డానికి ఏం మిగులుతుందండీ?"

సలోమి స్రవంతి సీటు దగ్గరికి వెళ్ళేసరికే మొదటి అంచె అబ్బాయి ఒకడు అత్యుత్సాహంతో ఆ పని కానిచ్చేశాడు. అంతా చక్కగా పనిచేస్తోంది. సలోమి అతన్ని తన పని చూసుకోమని పంపేసింది. స్రవంతి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆఫీసులో అడుగుపెట్టినప్పటి నుంచి ఏమేం చేస్తావో చెప్పమంది. స్రవంతి చెప్పింది. వింటూ వింటూ సలోమి ఆపేసి, రేపు నేనే నీతోపాటు నడుస్తాను అంది.

మర్నాడు సలోమి క్యాబ్ దిగేచోటే ఆమె కోసం నిలబడింది. నిజాంపేట క్యాబ్ మిగతావాటికన్నా ముందే వస్తుంది. కొవిడ్ తర్వాత మా ఆఫీసులో ఎవరికీ సొంత సీటు లేదు, పొద్దుటి షిఫ్టువాళ్ళు లేస్తేనే మధ్యాహ్నంవాళ్ళు కూర్చోవాలి. అందుకని స్రవంతి రోజూ పాంట్రీలో టీ తీసుకుని, అక్కడే లాప్‌టాప్ తెరిచి, లాగిన్ అయ్యి, మెయిళ్ళు చూసుకుని, నమూనా పత్రం కూడా తెరిచి పెట్టుకునేది. సీటు ఖాళీ కాగానే అలాగే తీసుకెళ్ళి మానిటర్ కేబుల్ గుచ్చి పని మొదలుపెట్టేది. వృథా చేయడం తెలియని పిల్ల. మిగతావాళ్ళు ఆలస్యంగా వచ్చి, నేరుగా సీట్లో కూర్చుని, కేబుల్ గుచ్చాకే లాగిన్ అయ్యేవారు.

తేడా అంతా అక్కడే ఉంది. అవయవాల పేర్లు ఎంచుకునే పక్క ప్యానెల్ మా కంపెనీ తయారుచేసుకున్నది. కొత్త అప్‌డేట్ తర్వాత అది లాగిన్ సమయంలో ఏ తెర ఉంటే ఆ కొలతే పట్టుకుని కూర్చునేది, తర్వాత తెర మారినా మార్చుకునేది కాదు. దానివల్ల మానిటర్ మీద మౌస్ బాణం ఒక వరుస మీద కనిపిస్తే, నొక్కు పక్క వరుస మీద పడేది. ఒకే అవయవానికి కుడి, ఎడమ పక్కపక్క వరుసల్లోనే ఉంటాయి. ఎంచుకున్న పేరు కనబడే గడి కూడా ఇరుకైపోయి, 'మోకాలు, కుడి' అని ఉండాల్సినచోట 'మోకాలు' వరకే కనిపించేది, ఏ వైపుదో చివర తెగిపోయేది. తప్పు పడిందని తెలిసే దారే లేదు. సీటు దగ్గర రీస్టార్ట్ చేస్తే లాగిన్ మానిటర్ మీదే జరుగుతుంది కాబట్టి రోగం మాయం. మా మంత్రమే మా కళ్ళు కప్పింది.

సలోమి అక్కడితో ఆగలేదు. పాంట్రీలో లాగిన్ అయ్యి, సీటు దగ్గర లాగిన్ అయ్యి, అదే రకం ఇంకో లాప్‌టాప్‌తో, ఒక పాతదానితో, అన్నిరకాలుగా చేసి చూసింది. తర్వాత స్రవంతిని కూర్చోబెట్టుకుని నాలుగు తప్పులూ ఒక్కొక్కటిగా తీసింది. మొదటి మూడూ పాంట్రీ నుంచి వచ్చిన రోజులవే. నాలుగోదాని దగ్గర స్రవంతి తేదీ మళ్ళీ చూసుకుంది. నేను అక్కడే ఉన్నాను.

"ఆ రోజు మా క్యాబ్ ట్రాఫిక్‌ల ఇరికింది మేడం. లేటయి నేరుగ సీటుకే పోయిన, అక్కడనే లాగిన్ అయిన" అంది.

అంటే ఆ తప్పు ప్యానెల్‌ది కాదు. ఆమె ఆ మాట చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నాలుగూ ఒకే ఖాతాలో పోయేవి. సలోమి కలం పక్కన పెట్టి, ఇది కూడా రాయాల్సి ఉంటుంది, ఫరవాలేదా అని మెల్లగా అడిగింది. "రాయండి మేడం. అది నాదే" అంది స్రవంతి. ఉద్యోగం పోయేలా ఉన్న మనిషి అంత తేటగా ఆ మాట అనడం చూసి నాకు ఆమె మీద గౌరవం కలిగింది. అడగకుండా వదిలేయని సలోమి మీద అంతకంటే ఎక్కువ కలిగింది. భయం కూడా వేసింది. వెంకట్‌రెడ్డికి ఆ నాలుగోది ఒక్కటే కనిపిస్తే?

శుక్రవారం సలోమి ఆయన్ను పాంట్రీకి తీసుకెళ్ళి ఆయన చేతనే లాగిన్ చేయించింది. సీటుకు తెచ్చి కేబుల్ గుచ్చి, కుడి మోకాలు ఎంచుకోమంది. ఆయన జాగ్రత్తగా ఎంచుకున్నాడు. పత్రం పంపించి ఆడిటరు వైపు తెరిచి చూపిస్తే ఎడమ మోకాలు అని ఉంది. ఇంకోసారి చేశాడు, మళ్ళీ అదే. సలోమి రాసిన రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివి తలెత్తాడు.

"మూడు సమజైనయి. ఈ నాలుగోదాని సంగతేంది?"

"అది నా పొరపాటే సార్" అంది స్రవంతి. "వినుడుల తప్పయింది."

ఆయన అక్కడికక్కడే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తున్నట్టు చెప్పి, నాలుగో తప్పుకు నిబంధన ప్రకారం హెచ్చరిక కూడా ఇచ్చాడు. ఆమె రెండింటికీ కలిపి ఒకే థాంక్స్ చెప్పింది. మూడో అంచెవాళ్ళు ప్యానెల్‌ను సరిచేసి పంపేవరకు, కేబుల్ గుచ్చాకే లాగిన్ కావాలని అన్ని అంతస్తులకూ మెయిల్ పంపాం. పాంట్రీలో లాగిన్ అయ్యే అలవాటున్నవాళ్ళు ఇంకొందరు బయటపడ్డారు. వాళ్ళ పత్రాలను వెంకట్‌రెడ్డి తానే మళ్ళీ ఆడిట్‌కు పెట్టించాడు. చూసిందంతా రాసుకున్న తర్వాతే రీస్టార్ట్ చేయాలని మా మొదటి అంచెకు కొత్త నియమం పెట్టాం.

ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర వెంకట్‌రెడ్డి నాతో అన్నాడు: "నాలుగు తప్పులూ మిషన్ మీదికే నెట్టుంటే, నేను ఒక్కటి గూడ నమ్మకపోతుంటి సార్."

మా వృత్తిలో తప్పు ఎవరిదో తేల్చమని మమ్మల్ని పిలుస్తారు. మిషన్ తప్పు ఎక్కడ మొదలైందో చెప్పడం సగం పని, ఎక్కడ ఆగిపోయిందో చెప్పడం మిగతా సగం. స్రవంతి ఉద్యోగాన్ని నిలబెట్టింది ఆమె తనదని ఒప్పుకున్న తప్పే.