బాబాయి జపాన్ సైకిలు

మా వాటా కింద సైకిల్ రిపేరు షాపు ఉంది. షాపు నడిపే పెద్దాయన్ని వీధిలో అందరూ బాబాయి అంటారు. మేమూ అంతే. ఆయనకు అరవై నాలుగేళ్లు, రెండు కళ్లకూ శుక్లాలు. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం పోల్చుకోలేరు గానీ, చక్రం తిప్పి ఒక్కో పుల్లనీ గోటితో మీటి, ఏది బిగిసిందో ఏది వదులైందో చెప్పేస్తారు. "కళ్లు రెండూ వేళ్లలోకి దిగిపోయాయిలే" అని తన మీద తనే జోకు వేసుకునేవారు. ఈమధ్య ఆ జోకు తగ్గింది. చక్రం విప్పినప్పుడు చిన్న ఉక్కు బాల్సు జారి నేల మీద దొర్లితే, మోకాళ్ల మీద పాకుతూ వాటికోసం తడుముకోవడం నేను రెండుసార్లు చూశాను.

షాపు కప్పుకి ఒక కొక్కెం, దానికి ఒక నీలం సైకిలు వేలాడుతుండేది. పాత జపాన్ రేసు సైకిలు. బాబాయి కుర్రతనంలో విదేశీ సైకిళ్లు తెప్పించి అమ్మే దుకాణంలో బిగింపు పని చేశారు. దుకాణం మూతపడిన రోజున యజమాని చివరి నెలల జీతం బదులు ఈ సైకిలు చేతిలో పెట్టాడు. "జీతం అయితే ఆ నెలే అయిపోయేది. ఇది నా పింఛను" అనేవారు బాబాయి. ఆపరేషన్ మాట ఎత్తినప్పుడల్లా ఆయన చూపు పైకి, ఆ కొక్కెం వైపు పోయేది.

బాబు పుట్టాక నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టుని. బస్సులో వెళ్తే రోజూ గంటన్నర అదనంగా బాబుకు దూరంగా ఉండాలి. సంగతి విని ఆయనే ఆ సైకిలు కిందికి దించారు.

"ఊరికే వేలాడితే బండికి కీళ్లు పట్టేస్తాయమ్మాయ్. తొక్కుతూ ఉండు. నేను అమ్మేరోజు చెప్తాను."

ఇచ్చేముందు కూర్చోబెట్టి పాఠం చెప్పారు. సైకిలు తలకిందులు చేసి, పెడళ్ల ఇరుసు అడుగున చెక్కిన అంకెల మీద నా వేలు పెట్టించారు. ఆ సైకిలు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో అవి చెబుతాయి. గేరు మార్చే భాగం వెనక రెండు చిన్న అక్షరాలుంటాయి. మొదటిది ఏడాది, రెండోది నెల. ఈ రెండూ కలిస్తే పార్టులు మార్చలేదని అర్థం. ఫ్రేము గొట్టాన్ని వేలితో కొట్టి, చివర్లలో మందంగా, నడుమ పల్చగా ఉన్న చోట శబ్దం ఎలా మారుతుందో వినిపించారు.

"ఇదంతా నాలాంటి వాళ్లకి. కొనేవాడు చూసేది రంగు, స్టిక్కర్లు. నలభై ఏళ్ల నాటి రంగు అలాగే ఉంటే ఒక ధర, పోతే ఇంకో ధర. గీతలు పడినా పర్లేదు, అసలుదై ఉండాలి."

వినలేదని నేను అనలేను. విన్నాను.

సైకిలు హాల్లో గోడకి ఆనించి ఉండేది. బాబుకి పదకొండో నెల. నిలబడటానికి ఏది దొరికితే అది పట్టుకునే వయసు, పట్టుకున్నదల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఒక ఉదయం వాడి కింది పెదవి మీద నీలంగా ఏదో మెరిసింది. రంగు పెచ్చు. పాత పెయింట్లలో సీసం ఉండేదని నేను చదువుకున్నదంతా ఒక్కసారిగా నెత్తిన పడింది. పెచ్చుని గాజు సీసాలో వేసి, బాబుని రక్తపరీక్షకి తీసుకెళ్లి, అట్నుంచి అటే సైకిలు పౌడర్ కోటింగ్ వర్క్‌షాపులో పడేశాను.

"ఉక్కు కనపడేదాకా ఇసుకతో కొట్టేయండి. అదే నీలం వేయండి" అన్నాను. అదే నీలం ఎందుకు అడిగానో నాకు తెలుసు.

బాబు రిపోర్టు మామూలుగా వచ్చింది. వారం తర్వాత నాకు ఆ సీసా గుర్తొచ్చింది. రోజూ ఎవరెవరి నీళ్లో పరీక్షిస్తాను. ఇంట్లో పెచ్చుకి ఒక్క పూట పట్టే పరీక్ష ముందు చేయాలని తోచలేదు. చేశాను. సీసం లేనట్టే లెక్క. ఇప్పటి పెయింటులో ఉన్నంత కూడా లేదు.

"బాబాయికి చెప్పావా?" అని మా ఆయన అడిగాడు.

"చెప్తాను."

"ఎప్పుడు? బాబు బడికి వెళ్లాకా?"

కొత్త రంగుతో తిరిగొచ్చిన సైకిలుని మూడు వారాలు పొద్దున్నే మెట్ల మీదుగా ఎత్తుకుని, షాపు ముందు నుంచి తలదించుకుని వెళ్లాను. మూడో శనివారం ఆయనే పిలిచారు. "అమ్మాయ్, రేపు పొద్దున కొనేవాడు వస్తున్నాడు. పాత ఫొటోలు పంపిస్తే చూసి గంతులేశాడట. అతను చెప్పిన ధరకి రెండు కళ్లూ అయిపోతాయి." అప్పుడైనా చెప్పాల్సింది. "మంచిది బాబాయ్" అన్నాను.

ఆదివారం సైకిలు కిందికి తెచ్చాను. కొనేవాడు భూతద్దం, చిన్న టార్చి పట్టుకుని వచ్చాడు. బాబాయి అతనికి చూపించాలని సైకిలు తిరగేసి, ఇరుసు కింద వేలు పెట్టారు. వేలు ఆగిపోయింది. మళ్లీ తడిమారు. అంకెల గాడులన్నీ కొత్త పూతతో పూడిపోయాయి. చెయ్యి నెమ్మదిగా గొట్టం మీదికి, స్టిక్కరు ఉండాల్సిన చోటుకి వెళ్లింది.

"ఎప్పుడు వేయించారు పెయింటు?" కొనేవాడు అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా బాబాయి అన్నారు: "ఈమధ్యే. తుప్పు పడుతోందని నేనే వేయించా."

"ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి, మీరే ఇలా చేశారా పెద్దాయనా! పార్టుల మీద తేదీలు కలుస్తున్నాయి, కాదనను. కానీ ఇక నేను కొనేది పార్టులే, సైకిలు కాదు."

అతను చెప్పింది సగం ధర. బేరమాడకుండా బాబాయి ఇచ్చేశారు. బండి వీధి మలుపు తిరిగేదాకా చక్రాల చప్పుడు వింటూ నిలబడి, తర్వాత స్టూలు మీద కూర్చున్నారు.

"నేనే చేయించాను బాబాయ్. బాబు పెయింటు నోట్లో పెట్టుకున్నాడు. సీసం ఉంటుందేమోనని..."

"సీసమంటే విషమేగా?"

"పిల్లలకి మంచిది కాదు. తగ్గిన సగం నేనిస్తాను."

"ఊరుకో. పిల్లాడికంటే సైకిలు ఎక్కువా? ఒక కన్ను చాలు నాకు." తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "ఉందా మరి అందులో?"

"ఉంది బాబాయ్" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"అప్పట్లో మాకు ఒకటే గది. మా అమ్మాయి ఆ సైకిలు పక్కనే పడుకునేది. నిద్రపట్టేదాకా గోటితో దాన్ని గీరుతుండేది. నాలుగో ఏడు దాకా దానికి మాటలు రాలేదు. చదువూ అంతంతమాత్రమే. ఎందుకిలా అయిందని మీ పిన్ని నన్ను ఎన్నిసార్లు అడిగిందో! నాకేం తెలుసు, నా చేత్తో నేనే..."

"లేదు బాబాయ్."

"ఏంటి లేదు?"

"అందులో సీసం లేదు. పెచ్చు ల్యాబులో పరీక్ష చేశాను. రంగు తీయించిన వారానికి. అబద్ధం చెప్పాను. మీ అమ్మాయికి దానివల్ల ఏమీ కాలేదు."

"ఒట్టు?"

"బాబు మీద ఒట్టు. కాగితం తెచ్చి చదివి వినిపిస్తాను."

బాబాయి గట్టిగా ఊపిరి వదిలారు. తర్వాత ఆయన ముఖం మారింది. అంతవరకు నా మీద రాని కోపం అప్పుడు వచ్చింది.

"అయితే రెండో కంటి డబ్బులు కట్టండి మేడం. కాగితం కూడా తెండి. మా అమ్మాయి వచ్చి చదువుతుంది."

కట్టాను. కాగితమూ ఇచ్చాను. రెండు ఆపరేషన్లూ అయి నాలుగు నెలలైంది. ఇప్పుడు మెట్ల మీద నన్ను దూరం నుంచే గుర్తుపడతారు. "వెళ్లొస్తున్నారా?" అని మర్యాదగా అడుగుతారు.