టైర్ల కొట్టాయన శ్రుతి

స్టూడియోలో అందరికీ ఆవిడ పిన్నే. ఓనరుకీ పిన్నే, ఓనరు కొడుక్కీ పిన్నే. జీవితంలో సగం ఆ అద్దాల గదిలోనే గడిచింది. సబ్బుల ప్రకటనలకీ, బడిపిల్లల పాటలకీ, కంపెనీల వార్షికోత్సవాలకీ ఆవిడే గొంతు.

పై స్థాయిలో పాడే చరణం, ఆ పై చరణం వచ్చేసరికి ఆ గొంతు పిండినట్టయ్యేది. "సారీ, ఇంకోసారి" అనేది. ఎన్ని సారీలైనా చెప్పి, చివరికి ఎలాగో లాక్కొచ్చేది. ఈ మధ్య అదీ కుదరడం లేదు.

"వయసు మీద పడింది పిన్నీ, ఇంక విశ్రాంతి తీసుకోండి" అన్నాడు ఓనరు.

ఆవిడ కూడా తన గొంతు పోయిందనే నమ్మింది. పాట తప్ప మరో పని చేతకాని మనిషికి అంతకన్నా చేదు నమ్మకం ఉండదు.

ఆవిడ స్థానంలోకి ఒక కుర్ర గాయనిని పిలిచారు. పైగా ఆ పిల్లకు పాట నేర్పమని పిన్నినే కూర్చోబెట్టారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. పిల్ల హాయిగా పాడుకుంటూ పోయింది. పై చరణంలో మాత్రం, సరిగ్గా పిన్ని తడబడే చోటే ఆగిపోయింది.

"సారీ, ఇంకోసారి" అంది పిల్ల.

పిన్నికి ఒళ్లు మండింది. తన సారీలన్నీ ఎలాగో మింగింది గానీ ఈ పిల్ల సారీ మింగుడుపడలేదు. లేచి వెళ్లి రికార్డింగు చేసే ఇంజినీరు కుర్చీ వెనక నిలబడింది.

"కంప్యూటరు తెర పైన ఆ మూడు గడులేంటి బాబూ?"

"వేగం, శ్రుతి, తాళం. పాట మొదలెట్టేముందు అవి పెట్టుకోవాలి పిన్నీ. వాటిని బట్టే కీబోర్డాయన పాటకు సంగీతం వాయిస్తాడు."

"ఈ శ్రుతి ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టరు, తెరవగానే అదే వస్తుంది. మొదట్లో ఇక్కడ ఒకాయన పాడేవాడుగా, ఆయన కోసం చేసిన ఫైలు. దాన్నే కాపీ చేసుకుంటూ వస్తున్నాం."

ఆ ఒకాయన పాట మానేసి వీధి మలుపులో టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. పిన్ని రోజూ ఆ కొట్టు ముందునుంచే నడిచి వస్తుంది. ఆయన గొంతుకు సుఖమైన చోటు, అదే శ్రుతిని ఒక స్థాయి పైన పాడాల్సిన ఆడగొంతుకు అందని అటక. ఇన్నేళ్లూ ఇంతమంది గొంతులు చించానన్న సంగతి పాపం ఆయనకూ తెలియదు. పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి కోపమే మిగిలింది.

"శ్రుతి మూడు మెట్లు దించు. వేగమూ కాస్త తగ్గించు, ఊపిరి తీసుకునే చోటే లేదు. తాళం బాగానే ఉంది, దాని జోలికెళ్లకు."

బయటి నుంచి విన్న ఓనరు తలుపు తోసుకొచ్చాడు. "ఆడలేక మద్దెల ఓడందట. గొంతు చాలక కంప్యూటర్ని అంటారేం?"

"మద్దెల ఓడే నాయనా. ఇన్నాళ్లూ నాకే ఆట రాదనుకున్నాను."

కీబోర్డాయన కొత్త శ్రుతిలో మళ్లీ వాయించాడు. పిన్ని ఎవరినీ అడక్కుండా మైకు ముందుకెళ్లింది. పై చరణం మొత్తం ఎక్కడా ఆగకుండా పాడింది. ఆ తర్వాత పిల్లా పాడింది. ఈసారి సారీ చెప్పలేదు.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే పాటకీ రండి పిన్నీ."

"వస్తాను. నా శ్రుతిలోనే పాడతాను."

ఇంజినీరు హుషారుగా పాత ఫైలు తెరిచాడు. "అయితే ఇందులో మీ శ్రుతే పెట్టి దాచేస్తాను పిన్నీ. ఇకమీదట ఎప్పుడు తెరిచినా మీదే వస్తుంది."

"వద్దు" అంది పిన్ని. "నా తర్వాత వచ్చేదాని గొంతు నేనెందుకు చించాలి? ఆ గడి ఖాళీగా వదిలెయ్. వచ్చినవాళ్లని అడిగి పెట్టు."