ఎడమక్క భుజం

ఆటగాళ్ళ భుజం సంగతి డాక్టరు కన్నా, కోచ్ కన్నా ముందు నాకే తెలుస్తుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. ఇండోర్ స్టేడియంలో గ్యాలరీ మెట్ల కింద, తల వంచితే గాని లోపలికి రాలేని గదిలో ఇరవై రెండేళ్ళుగా బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్ తీగలు కడుతున్నాను. ఎవరు ఎంత బిగువు కట్టమంటారో నాకు కంఠతా వచ్చు. బిగువు ఎక్కువుంటే షటిల్ అనుకున్న చోటే పడుతుంది, కానీ కొట్టే బలమంతా భుజంలోంచే రావాలి. వదులుగా ఉంటే బలం పెట్టకపోయినా షటిల్ దూరం పోతుంది. అందుకే ఎవరైనా "బాబాయ్, ఈసారి కాస్త వదులుగా కట్టు" అన్నారంటే, నొప్పి మొదలైందన్నమాటే.

ఎడమక్క ఆ మాట అన్నది పోయినేడాది. ఎడమచేతి వాటం కాబట్టి స్టేడియం మొత్తానికి ఆవిడ ఎడమక్క. ముప్ఫై నాలుగేళ్ళు. పదహారో ఏట సింగిల్స్ ఆడుతుంటే, "నీ కాళ్ళకి అంత పరుగు లేదు, డబుల్స్ ఆడుకో" అని కోచ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. అప్పటినుంచీ ఆవిడ బతుకంతా జోడీల వెతుకులాటే. డబుల్స్‌లో ర్యాంకింగ్ పాయింట్లు మనిషివి కావు, జంటవి. జంట విడిపోయిందా, ఇద్దరికీ సున్నా. మొదటి జోడీ పెళ్ళి చేసుకుని ఆట మానేసింది. రెండో అమ్మాయి బ్యాంకు ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయింది. మూడో ఆమె మిక్స్‌డ్‌కి మారింది. నాలుగో ఆమెతో మాటా మాటా పెరిగింది. అందులో తప్పు చాలావరకు మన ఎడమక్కదే, ఆవిడ నోరు అలాంటిది. ప్రతిసారీ మళ్ళీ అడుగునుంచే. ఊరు కాని ఊళ్ళో, పొద్దున్నే ఖాళీ కుర్చీల ముందు క్వాలిఫయింగ్ మ్యాచ్ ఆడి, ఓడితే మధ్యాహ్నం బస్సెక్కడం. ఆవిడ చెబుతుంటే వినేవాణ్ణి నాకే ఒళ్ళు నొప్పులు పుట్టేవి.

ఐదో జోడీ పిచ్చుక. ఇరవై మూడేళ్ళ పిల్ల. నెట్ దగ్గర నిలబడితే కుదురనేదే ఉండదు, పేరు అందుకే వచ్చింది. మూడేళ్ళు కలిసి ఆడి, పెద్ద టోర్నమెంట్లకు నేరుగా పిలిచే జాబితా అంచు దాకా వచ్చారు. సరిగ్గా అప్పుడే భుజం మొరాయించింది.

ఇరవై ఎనిమిది పౌండ్ల బిగువు కట్టమనే మనిషి ఇరవై ఆరంది. రెండు నెలలకి ఇరవై నాలుగంది. కట్టిన ప్రతి రాకెట్‌కీ బిగువు రాసి చీటీ అంటించడం నా అలవాటు. ఎడమక్క ఆ చీటీ చూసి, "ఇరవై ఎనిమిదనే రాయి బాబాయ్" అంది.

"అదేంటి?"

"పిచ్చుక చూస్తుంది."

"చూస్తే చూడనీ. జోడీకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావమ్మా?"

"ఒక్క సీజన్ బాబాయ్. ఆ జాబితాలో ఒక్కసారి నా పేరు చూసుకుని నేనే చెప్పేస్తా. పద్దెనిమిదేళ్ళు ఆడాను. ఆ మాత్రం అడగకూడదా?"

నేను మెత్తబడ్డాను. ఇరవై ఎనిమిదని రాశాను. వెధవ పని. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పోయిన నెల ఒక బుధవారం పిచ్చుక ఒక్కతే వచ్చింది. వేరే అకాడమీలో పొడుగమ్మాయి ఒకతె ఉంది, ఇరవై ఏళ్ళది, కొట్టిందంటే షటిల్ ఈకలు రాలాల్సిందే. ఆ అమ్మాయి జోడీ ఆట మానేస్తే, వాళ్ళ కోచ్ పిచ్చుకని అడిగాడట. శుక్రవారంలోగా మాట చెప్పాలి.

"అక్కకి ఇంకా చెప్పలేదు, బాధపడుతుంది. నిజం చెప్పు బాబాయ్, అక్క భుజం బాగానే ఉందా? ఇంకో రెండేళ్ళు ఆడతానంటోంది. కానీ వెనకనుంచి స్మాష్ మోత ఈమధ్య తేడాగా వినిపిస్తోంది నాకు."

నెట్ దగ్గర ఉన్నవాళ్ళు వెనక జోడీని చూడలేరు, వినడమే. ఈ పిల్ల చెవులు నా గట్ బిగించే మెషీన్ కన్నా నయం! గోడకున్న ఎడమక్క రాకెట్ చూపించి, "చీటీ చూసుకో" అన్నాను.

చూసింది. "హమ్మయ్య" అంది. గట్ మీద బొటనవేలు పెట్టి నొక్కినా నా అబద్ధం బయటపడేది. నొక్కలేదు, నేనంటే అంత నమ్మకం. ఆ సాయంత్రమే ఆ కోచ్‌కి ఫోన్ చేసి కుదరదని చెప్పేసిందట.

శుక్రవారం మధ్యాహ్నం మా స్టేడియంలోనే క్వార్టర్ ఫైనల్. గెలిస్తే జాబితాలో ఉంటారు. మూడో గేమ్, పద్దెనిమిది–పద్దెనిమిది. పిచ్చుక గట్ టప్పుమని తెగింది. రెండో రాకెట్ అంతకుముందే తెగి నా బల్ల మీద ఉంది. పరుగున వెళ్ళి ఎడమక్క సంచీలోంచి ఒకటి లాక్కొచ్చింది. ఇరవై నాలుగు కట్టిన రాకెట్ అది. ఇరవై ఎనిమిదనుకుని కొట్టింది కదా, షటిల్ గీత దాటి మూరెడు అవతల పడింది. ఇంకోసారి కొట్టింది, అదీ అంతే. అప్పుడు బొటనవేలితో నొక్కి చూసుకుంది. ఎడమక్క వైపు చూసింది. తర్వాత మెట్ల దగ్గర నిలబడ్డ నా వైపు చూసింది. ఇంకో పాయింటుతో మ్యాచ్ పోయింది.

గదిలోకి ఇద్దరూ కలిసే వచ్చారు. ఎడమక్క భుజానికి ఐస్ సంచీ పెట్టుకుని బెంచీ మీద కూలబడింది.

"ఎన్నాళ్ళనుంచి?" అని పిచ్చుక నన్నడిగింది.

"పది నెలలు. తప్పయిపోయిందమ్మా."

"ఆయన్నేం అనకు. నేనే రాయించాను" అంది ఎడమక్క.

"పొడుగమ్మాయి వాళ్ళు రమ్మంటే బుధవారం కుదరదని చెప్పేశానక్కా! నువ్వు రెండేళ్ళు ఉంటావని. నాకొక్క మాట..." అంది పిచ్చుక.

ఎడమక్క చటుక్కున తలెత్తింది. "చెప్పేశావా? పిచ్చిదానా! నీతో సున్నా నుంచి మొదలెట్టినప్పుడు నాకు ముప్ఫై ఒకటి. నిన్నూ ఆ గతికే లాక్కెళ్ళేదాన్నన్నమాట" అంది. ఇంకో మాట లేకుండా ఫోన్ తీసి ఆ కోచ్‌కి చేసింది.

"సార్, పిచ్చుక మీ అమ్మాయితో ఆడుతుంది. బుధవారం చెప్పింది నా మొహం చూసి చెప్పింది, లెక్కలోకి తీసుకోకండి... నాతో ఆడదు సార్, నేనింక ఆడను. ఒక్క సంగతి. ఇద్దరి మధ్యకొచ్చే షటిల్‌ని పిచ్చుక వదిలేస్తుంది. నా ఎడమచెయ్యి అక్కడుంటుందని మూడేళ్ళుగా అలవాటైపోయింది. మొదట్లో పాయింట్లు పోతాయి, తిట్టకండి. రెండు నెలలు ఓపిక పట్టండి, మరిచిపోతుంది."

అవతల ఆయన సరేనన్నట్టున్నాడు. ఫోన్ పెట్టేసింది.

"నన్నడిగావా?" అని పిచ్చుక అరిచింది.

"అడిగితే వద్దంటావు."

"మరి నువ్వు?"

"నేనా? రేపు ఐదింటికి లేవక్కర్లేదే. తెల్లారినా లేవను" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, నేనక్కడ ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. పిచ్చుక కోపం ఏమీ తగ్గలేదు. ఆ కోపంతోనే పక్కన కూర్చుని, జారిపోతున్న ఐస్ సంచీని ఆవిడ భుజానికి అదిమి పట్టుకుంది.