సీలు విప్పని ట్రక్కులు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది జూన్‌లో మా కంపెనీ నన్ను గోదాము నుంచి నారాయణగూడ షోరూముకు సర్వీస్ మేనేజరుగా మార్చింది. రిటైర్‌మెంటుకు అప్పటికి రెండేళ్లే మిగిలి ఉంది. రిమోటుతో నడిచే చిన్న విమానాలు, పడవలు, కార్లు, ట్రక్కులు దిగుమతి చేసుకుని అమ్మడం మా వ్యాపారం. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలేజీ కుర్రాళ్లకు తేలిక చెక్కతో విమానాలు కట్టడం నేర్పేవాణ్ని. నేను షోరూముకు వచ్చేసరికి విమానాల అర దుమ్ము పట్టిపోయి ఉంది. అడిగిన ప్రతివాడూ ట్రక్కులే అడిగేవాడు. షోరూములో అమ్మకాల ఇన్‌ఛార్జి సుధాకర్. వయసులో నాకంటే చాలా చిన్న, హోదాలో సమానం. బిల్లు మీద ఆఖరి మాట అతనిది, సరుకు మీద ఆఖరి మాట నాది. రెండు మాటలూ ఢీకొంటే ఎవరిది నెగ్గాలో కంపెనీ ఎన్నడూ చెప్పలేదు.

మా ట్రక్కుల పెట్టె మీద ‘రెడీ టు రన్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. వెనకటి రోజుల్లో విడిభాగాలు కొనుక్కుని వెళ్లి, వారాల తరబడి కూర్చుని ఎవరి బండి వాళ్లే బిగించుకునేవారు. ఇప్పుడు ఆ పనంతా ఫ్యాక్టరీలోనే చేసి, రిమోటు కూడా జతచేసి పంపుతారు. బ్యాటరీ చార్జి చేసి నేల మీద పెట్టడమే తరువాయి అని ఆ మాటకు అర్థం. ఆ మాట మీద నాకు మొదటి నుంచీ కోపమే. రెడీమేడ్ చొక్కా కొన్నా ఇంటికి తెచ్చాక గుండీలు మరోసారి గట్టిగా కుట్టించుకుంటాం. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో దిబ్బల మీదుగా ఎగిరే యంత్రానికి ఆపాటి జాగ్రత్త అక్కర్లేదా?

బొమ్మల కొట్లో దొరికే ట్రక్కు ఇంతకంటే ఎంతో చౌక కదా, దీనికి అంత ధర ఎందుకని అడిగేవారు. అడగాల్సిన ప్రశ్నే. బొమ్మ ట్రక్కు చెడిపోతే పారేయాలి. మాది చెడిపోతే విప్పి, పోయిన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. నాణ్యత చూడమంటే నేను ముందుగా చక్రం పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తాను. లోపల బేరింగులు ఉన్నాయో, చౌక ప్లాస్టిక్ బుష్షులతో సరిపెట్టారో చేతికి తెలిసిపోతుంది. తర్వాత బండిని పైనుంచి నొక్కి వదులుతాను. షాక్ అబ్జార్బర్లలో నూనె సరిగ్గా ఉంటే నిదానంగా లేస్తుంది, లేకపోతే ఎగిరిపడుతుంది. ఆఖరున మా అరలోకి వెళ్లి దాని విడిభాగాలు ఉన్నాయో లేదో చూస్తాను. విడిభాగం దొరకని ఖరీదైన ట్రక్కు కంటే దొరికే మామూలు ట్రక్కు విలువైనదని ఇప్పటికీ అంటాను.

ఇక అమ్మేముందు చేయాల్సిన తనిఖీ. మోటారు కొసన ఉన్న చిన్న పళ్ల చక్రం ఒక పెద్ద ప్లాస్టిక్ పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ రెంటి నడుమ సన్నటి కాగితం ముక్క పెట్టి తిప్పితే, అది చిరగకుండా మడతలు పడి బయటికి రావాలి. అప్పుడు వాటి ఎడం సరిగ్గా ఉన్నట్టు. తర్వాత మోటారును పట్టి ఉంచే స్క్రూలు ఊడదీసి, వాటి మరల మీద నీలం రంగు జిగురు చుక్క వేసి తిరిగి బిగించాలి. దాన్ని థ్రెడ్‌లాక్ అంటాం. ఆ చుక్క లేకపోతే అదురుకు స్క్రూలు వదులవుతాయి, మోటారు పక్కకు జరుగుతుంది, ప్లాస్టిక్ పళ్లు గీరుకుపోతాయి. కొన్ని ఫ్యాక్టరీలు ఆ చుక్క వేస్తాయి, కొన్ని వేయవు. వేశారో లేదో స్క్రూ ఊడదీస్తే తప్ప తెలియదు.

స్క్రూ ఊడదీయాలంటే పెట్టె విప్పాలి. పెట్టె విప్పడానికి మన గిరాకీ ఒప్పుకోడు. ఫోన్ల దగ్గర, మిక్సీల దగ్గర ఎక్కడెక్కడో మోసపోయి వచ్చినవాళ్లు మా కౌంటరు దగ్గర మహా జాగ్రత్తపరులైపోయేవారు. అట్టపెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారు, సీలు టేపు అంచును గోటితో గీరి చూసేవారు. లోపలున్న ట్రక్కును చూస్తామనేవాళ్లు తక్కువ. అందుకని కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. గిరాకీ వద్దంటే తనిఖీ చేయకుండానే ఇచ్చి, బిల్లు మీద ‘తనిఖీ వద్దన్నారు’ అని ముద్ర వేయాలి. ఆ ముద్ర సుధాకర్ సొరుగులో ఉండేది. ఎక్కువ వాడి వాడి అక్షరాలు అరిగిపోయాయి.

ఆ సెప్టెంబరులో మంజుల గారు వచ్చారు. నలభై దాటిన మనిషి, అశోక్ నగర్‌లో ఒక భవనం కిరాయికి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ నడిపేవారు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే అమ్మాయిలే ఆమె దగ్గర ఉండేవారు. నోటిఫికేషన్లు ఆలస్యమైతే ఊళ్లకు వెళ్లిపోతారు, గదులు ఖాళీ పడతాయి. ఆ ఏడాది చాలా గదులు ఖాళీగా ఉన్నాయట. హాస్టల్ నిలబడాలంటే పక్కన ఇంకో ఆదాయం ఉండాలని ఆమె ఒక ఆలోచన చేశారు. చిక్కడపల్లిలో ఒక గల్లీలో నర్సింగరావు గారనే పెద్దమనిషిది ఖాళీ స్థలం ఉంది. అందులో మట్టి ట్రాకు వేసి, సాయంత్రాలు పిల్లల చేత ట్రక్కులు నడిపించాలని ఆమె ఉద్దేశం. అదే స్థలాన్ని కార్ల పార్కింగుకు ఇమ్మని చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్లు ఆయన్ను అడుగుతూనే ఉన్నారు. దసరా సెలవుల్లో మొదటి ఆదివారం వచ్చి కళ్లారా చూస్తాననీ, జనం వస్తే స్థలం ఆమెకేననీ, లేకపోతే పార్కింగుకు ఇచ్చేస్తాననీ ఆయన చెప్పారు. ఆ ఒక్క ఆదివారం మీదే ఆమె ఆశంతా ఉంది.

అయిదు ట్రక్కులు ఎంచుకున్నారు. మేము కొత్తగా తెప్పించిన మోడలు, మంచి బండి. పెట్టెలు నా బల్ల మీదికి తెమ్మనగానే ఆమె అడ్డుపడ్డారు.

“వద్దు సార్. పోయినేడు హాస్టల్‌కు గీజర్ కొంటే విప్పిన డబ్బా అంటగట్టిండు. ఎవరో వాడి వాపస్ ఇచ్చిందంట. నాకు సీల్ పీసులే కావాలె.”

తనిఖీ ఎందుకో వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

“మీరు చెప్పేది సమజైంది సార్. గని మీరు విప్పినంక అది కొత్తదెట్ల అయితది?”

సుధాకర్ మధ్యలోకి వచ్చి, “మేడమ్ అడిగినట్టే ఇద్దాం సార్, గిరాకీని పరేషాన్ చేసుడెందుకు” అన్నాడు. నేను వదల్లేదు. చివరికి ఆమే ఒక దారి చెప్పారు. ఒకటి విప్పి చూపించాలి, అది బాగుంటే మిగిలినవి అట్లాగే ఇచ్చేయాలి.

విప్పాను. కాగితం ముక్క చిరగకుండా వచ్చింది. చక్రాల్లో బేరింగులున్నాయి. స్క్రూలు ఎంత గట్టిగా ఉన్నాయంటే ఊడదీయడానికి చేతికి పని పడింది. అయితే మరల మీద నీలం జాడ లేదు. చుక్క వేసి బిగించి, ఈరోజు గట్టిగా ఉన్నాయి కానీ మట్టిదిబ్బల మీద ఎగిరితే వదులవుతాయని చెప్పాను. ఆమె నవ్వారు.

“మంచిగనే ఉన్నదని మీరే అంటున్నరు గద సార్.”

ఆ ట్రక్కులో లోపమేదైనా కనబడి ఉంటే మిగిలిన నాలుగూ విప్పనిచ్చేవారు. అది బాగుండటమే మా కొంప ముంచింది. సుధాకర్ ముద్ర వేశాడు, ఆమె నాలుగు సీలు పెట్టెలూ ఒక విప్పిన పెట్టే ఆటోలో పెట్టించుకుని వెళ్లిపోయారు.

ఆ ఆదివారం నాకు సెలవు. అయినా పనిముట్ల పెట్టె పట్టుకుని చిక్కడపల్లి వెళ్లాను. ట్రాకు చూసి ఆశ్చర్యపోయాను. దగ్గర్లో అపార్ట్‌మెంటు పనికి వచ్చిన పాలమూరు కూలీలతో మాట్లాడుకుని ఎర్రమట్టి పోయించారు. వాళ్లు నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి, గుండ్రటి మలుపులూ వరసగా దిబ్బలూ చక్కగా తీర్చారు. గేటు బయటి దాకా పిల్లలూ తల్లిదండ్రులూ ఉన్నారు. నర్సింగరావు గారు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ట్రక్కు దిబ్బ మీంచి లేచినప్పుడల్లా తలెగరేస్తున్నారు. మంజుల గారు పట్టుచీర కట్టుకుని, పిల్లలకు రిమోటు ఎట్లా పట్టుకోవాలో చూపిస్తూ కాలు నిలవకుండా తిరుగుతున్నారు.

కాసేపటికి నాకు తెలిసిన చప్పుడు వినబడింది. పళ్లు పోయిన ట్రక్కు మోటారు కీచుమని గిరగిరా తిరుగుతుంది, చక్రాలు మాత్రం కదలవు. మొదటిది ఆగిన చోటే ఇంకొకటి ఆగింది. మూడోది నా కళ్లముందే దిబ్బ మీంచి దిగి అట్లాగే నిలబడిపోయింది. ఆపమని కేకేసేలోపు నాలుగోదీ పోయింది. నాలుగూ సీలు పెట్టెల్లో వచ్చినవే. నేను చుక్క వేసిన ట్రక్కు ఒక్కటే తిరుగుతోంది. అంతమంది పిల్లలకు ఒక్క ట్రక్కు ఎక్కడ సరిపోతుంది? ఏడ్చేవాళ్లు ఏడ్చారు, తల్లిదండ్రులు ఒక్కొక్కరే జారుకున్నారు.

నర్సింగరావు గారు కుర్చీలోంచి లేచి వచ్చారు.

“ఏంది బిడ్డా, కొత్తయే గద ఇవి?”

“కొత్తయే సార్. సీల్ నా చేతులతోనే విప్పిన” అన్నారు మంజుల గారు.

స్క్రూలు బిగించడం నిమిషాల పని. కానీ పోయిన పళ్ల చక్రాలకు బదులు కొత్తవి కావాలి. సుధాకర్‌కు ఫోన్ చేశాను. కొత్త మోడలు విడిభాగాలు రెండో షిప్‌మెంటులోనే వస్తాయి, అది దీపావళి దాటితే గానీ రాదు. మొదటి సరుకుతోనే విడిభాగాలు తెప్పించమని నేను చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. ముందు ట్రక్కులు అమ్ముడుపోనీ, తర్వాత చూద్దాం అన్నది కంపెనీ లెక్క. నా పెట్టెలో ఉన్న వేరే మోడళ్ల పళ్ల చక్రాలు పెట్టి చూశాను, పళ్లు కలవలేదు. ట్రక్కులు షామియానా కింద బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి, పనిముట్లు నా చేతిలో ఉన్నాయి, నేను చేయగలిగిందేమీ లేదు. అంత చేతకానితనం నా సర్వీసులో మళ్లీ ఎరగను.

నర్సింగరావు గారు చెడ్డవారేం కాదు. “మంచి ఆలోచనే బిడ్డా, గని పార్కింగుకు అడిగెటోళ్లను ఇంకెన్ని దినాలు ఆపాలె” అని మెల్లగానే అన్నారు. మర్నాటి నుంచే అక్కడ కార్లు పెట్టడం మొదలైంది. కూలీలు కొట్టిన దిబ్బలు చక్రాల కింద చదునైపోయాయి.

మంజుల గారు షోరూముకు వచ్చి పోట్లాడతారని సుధాకర్ ముద్ర వేసిన బిల్లు నకలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆమె రాలేదు. నేనే ఫోన్ చేస్తే, “మీరు చెప్పిన్రు సార్, నేనే వద్దన్న” అన్నారు. ఆ మాట నాకు ఊరట కలిగించలేదు. వద్దనే వీలు ఆమెకు కల్పించిందీ, ఆ వీలుకు ఒక ముద్ర చేయించి పెట్టుకుందీ మేమే.

షిప్‌మెంటు రాగానే ట్రక్కులన్నీ తెప్పించాను. పళ్ల చక్రాలు వారంటీ కిందికి రావు. అయినా యజమానిని ఒప్పించి కంపెనీ ఖర్చు మీద మార్పించింది సుధాకరే, అది చెప్పి తీరాలి. నాలుగింటికీ కొత్త పళ్ల చక్రాలు వేసి, థ్రెడ్‌లాక్ పెట్టి, అన్నిటినీ వాటి పెట్టెల్లో సర్దాను. దారిలో తెరుచుకోకుండా ప్యాకింగుకు వాడే మా షోరూము పేరున్న టేపు చుట్టి, అశోక్ నగర్ తీసుకెళ్లాను.

హాస్టల్ మెట్ల మీద ఇద్దరు అమ్మాయిలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని ఒకరికొకరు జవాబులు అప్పజెప్పుకుంటున్నారు. మంజుల గారు టీ ఇచ్చి, ఒక పెట్టె దగ్గరికి లాక్కున్నారు. విప్పలేదు. టేపు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో రాసి చూశారు. మొహం తేటపడింది.

“మంచిగ సీలేసి తెచ్చిన్రు సార్. ఇప్పుడు కొత్త పీసుల లెక్క ఉన్నయి.”

అవి విప్పినవని, పళ్లు రాలినవని, బాగుచేసినవని ఆమె కంటే ఎక్కువగా ఎవరికి తెలుసు? అయినా ఆ టేపు చూడగానే ఆమెకు నమ్మకం కుదిరింది. సీలు ఫ్యాక్టరీదే అయివుండాలని ఆమె ఏనాడూ అడగలేదు. పెట్టె మూసి చేతికి రావాలి, అంతే. షోరూముకు వచ్చిన నాటి నుంచీ గిరాకీ ఎదుట పెట్టె విప్పడమే నిజాయితీ అనుకుని, వాళ్లతో వాదించి వాదించి ఓడిపోయాను. వాదించాల్సిన అవసరమే లేదు.

తర్వాతి సరుకు నుంచి పద్ధతి మార్చాం. ట్రక్కులు షోరూముకు రాకముందే గోదాములో ప్రతి పెట్టే విప్పి, తనిఖీ చేసి, ‘తనిఖీ చేసి సీలు వేయబడినది’ అని అచ్చేసిన మా టేపు అంటించేవాళ్లం. నేను రిటైరయ్యేదాకా ఆ టేపును కాదని ఒక్కరూ పేచీ పెట్టలేదు. దానికి అయిన ఖర్చు టేపు ఖర్చే. సుధాకర్ సొరుగులోని ముద్రను ఎవరూ వెతుక్కోలేదు.

మంజుల గారు మూడు ట్రక్కులు అమ్మేశారు. రెండు హాస్టల్లోనే ఉంచుకుంటే, అమ్మాయిలు సాయంత్రం పూట మేడ మీద తిప్పుకునేవారట. ఆమె ఇంకో స్థలం కోసం చాలా చోట్ల తిరిగారు, దొరకలేదు. రెండేళ్లకు హాస్టల్ కూడా వదిలేశారని విన్నాను.

అమ్మేవాడికి తెలిసిన ప్రమాదాన్ని కొనేవాడి ఇష్టానికి వదిలేయకూడదు. దాన్ని షోరూము గడప దాటనివ్వకుండా చూసుకోవడం అమ్మేవాడి పని. నా ఉద్యోగంలో నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే చిన్నది ఇదే, అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నదీ ఇదే. చిక్కడపల్లి గల్లీలో ఆ స్థలంలో ఇంకా ఏమీ కట్టలేదు, పార్కింగుకే వాడుతున్నారు. పొద్దున కార్లు తీసేశాక చూస్తే, గోడ వారగా ఒక మలుపు తాలూకు ఎర్రమట్టి ఇప్పటికీ కనబడుతుంది.