చవక దేశంలో కొన్న ఆట

భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ రోడ్డున అబ్బులు గేముల కొట్టు తెలియని కుర్రాడు లేడు. గంటకింతని ఆడిస్తాడు, కొత్త ఆటలు కొనిపెడతాడు. అంతకుముందు పదేళ్ళు రొయ్యలు కొనే కంపెనీలో పనిచేశాడు. అదే రొయ్యకి చెరువు గట్టు మీద ఒక రేటు, ఐసులో పెట్టాక ఒక రేటు, ఓడరేవులో ఇంకో రేటు. ఎక్కడ చవకో అక్కడ కొన్నవాడే మొనగాడన్నది అతనికి వంటబట్టిన చదువు. ఆ చదువే కొంప ముంచింది.

ఆటల ధరలూ అలాగే కనిపించాయి. డిస్కయితే హైదరాబాదులో ఒక ధర, ఇక్కడ కొట్లో ఒక ధర. డిస్కు లేకుండా నెట్‌లోనే డబ్బు కట్టి దింపుకునేదైతే మనకి ఐదువేలు, డబ్బు విలువ పడిపోయిన ఏదో దేశంలో పదహారు వందలే. అక్కడివాళ్ళు ఇచ్చుకోగలిగినంతే అడగడం కంపెనీ తెలివి. అబ్బులు తెలివి ఏంటంటే, కుర్రాళ్ళ అకౌంట్లలో దేశం పేరు మార్చేసి ఆ ధరకే కొనిపెట్టడం. కొన్న రొయ్య మనదే. డిస్కు లేని ఆట మాత్రం ఎప్పటికీ కంపెనీదే, మనకి ఆడుకోనిస్తారంతే. ఈ ముక్క ఎవరు చెప్పినా అతని చెవికెక్కలేదు.

అలా కొనిపించుకున్నవాళ్ళలో దుర్గాసాయి ఒకడు. ఆ ఆటలో ఎవరికి కావాల్సిన ఊరు వాళ్ళు కట్టుకోవచ్చు. వాడు తమ రొయ్యల చెరువు కట్టాడు, గట్టు మీద మోటారు షెడ్డు కట్టాడు, ఇల్లు కట్టి అరుగు మీద ఆకుపచ్చ చీరలో వాళ్ళమ్మని కూర్చోబెట్టాడు. కార్తీకమాసంలో ఉండి ఊరెళ్ళే రోడ్డు మీద రొయ్యల మేత లారీ కింద పడి పోయాడు. ఇరవై నిండలేదు.

వాళ్ళమ్మ రత్నమాణిక్యం ప్రతి నెలా మాసికం పెట్టిన సాయంత్రం కొట్టుకి వచ్చేది. "సాయి కట్టిన ఇల్లు ఓసారి చూపించు బాబూ" అనేది. అబ్బులు కొట్టు మిషనులో సాయి అకౌంటు తెరిచి పది నిమిషాలు చూపించేవాడు. అంతసేపూ ఆవిడ ఏడవదు.

"ఏడాది సూతకంలో ఉన్న మనిషండి, కొట్టు గడప తొక్కనిస్తారేంటి?" అన్నాడు పక్క కొట్టు సత్తియ్య.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడు అబ్బులు. ఆ మాటకి అతనికి దణ్ణం పెట్టొచ్చు.

ఆరో మాసికానికి పదిరోజుల ముందు అబ్బులు తెరిచి చూస్తే తెర మీద ఇల్లు రాలేదు, కంపెనీ నోటీసు వచ్చింది. వేరే దేశపు ధరకి కొన్నందుకు అకౌంటు ఆపాం, సొంతదారు తానెవరో రుజువు చూపితే తెరుస్తాం అని. రొయ్యల వ్యాపారంలో ఎంత కరకువాడైనా రైతింట్లో చావు జరిగిందంటే మెత్తబడతాడు. ఆ నమ్మకంతోనే అబ్బులు కంపెనీకి ఉన్నదున్నట్టు రాసి, మరణ ధ్రువీకరణ పత్రం కూడా జతచేశాడు.

రెండో రోజే జవాబొచ్చింది. సంతాపం తెలిపారు. చనిపోయినవారి అకౌంటు ఇంకొకరికి చెందదు కనక శాశ్వతంగా తీసేశామన్నారు. అబద్ధమాడి సాయి పేరుతో జవాబిచ్చుంటే తెరుచుకునేదేమో. నిజం చెప్పి ఆ ఇంటిని తన చేత్తోనే కూల్చుకున్నాడు పిచ్చి మారాజు.

మాసికం రోజు ఆవిడ వచ్చి ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. అబ్బులు మిషను వెయ్యలేదు. ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"నాదే తప్పండి. చవగ్గా వస్తుందని నేనే దేశం మార్చానండి. కొట్టండి, తిట్టండి."

ఆవిడ నల్లటి తెరవైపు చూస్తూనే అడిగింది.

"ఇక్కడి ధరకే కొనుంటే ఉండేదా బాబూ?"

ఆ ఒక్క అబద్ధమైనా ఆడాల్సింది. అతని నోటికి అది అలవాటు లేదు.

"ఉండేదండి."

"సాయి ఐదువేలు కావాలని ముందు నన్నే అడిగాడు" అంది రత్నమాణిక్యం. "చేతికి వస్తువే రాని దానికి ఐదువేలేంట్రా, ఎక్కడైనా చవగ్గా దొరికితే కొనుక్కో అన్నాను."

చెంగు సర్దుకుని లేచింది. ఏడో మాసికానికి అబ్బులు పొద్దున్నే కుర్చీ తుడిచి పెట్టాడు. ఆవిడ రాలేదు.